సందేహానికి చందా

వినాయక చవితికి ముందు రోజు రాత్రి పదిన్నరకు, ఇళ్లన్నీ ఉండ్రాళ్ల పిండి గురించి ఆలోచిస్తున్న వేళ, నా ఫోనులో మొక్కల్ని, పిట్టల్ని గుర్తుపట్టే యాప్ తనను తాను సంస్కరించుకుంది. నన్నడగలేదు. అడగాల్సిన అవసరమూ లేదు. నేను పైసా కట్టని వినియోగదారుణ్ని. వార్డు మెంబరు దృష్టిలో ఓటరుకు పోలింగ్ మర్నాడు ఎంత విలువుంటుందో, ఆ యాప్ దృష్టిలో నాకూ అంతే.

ఆ రాత్రి దానితో నాకు పనిపడింది. సిగ్నల్ దగ్గర ఒక కుర్రాడు యాభై రూపాయలకు పత్రి కట్ట అమ్మాడు. "ఇరవై ఒక్క రకాలూ గ్యారంటీ సార్" అన్నాడు. ఇంటికొచ్చి పేపరు పరిచి విప్పితే, మూడొంతులు ఒకే చెట్టు ఆకుల్లా ఉన్నాయి. వ్రతకల్పం పుస్తకంలో మాచీపత్రం, బృహతీపత్రం, అపామార్గపత్రం, సింధువారపత్రం అని సంస్కృతంలో ఉంటుంది. పేర్లన్నీ గంభీరంగానే ఉన్నాయి గానీ ఏ ఆకును పట్టుకుని ఏ పేరు చదవాలో తెలియదు. అందుకే ఫోను తీశాను.

పాత యాప్‌ది పల్లెటూరి పద్ధతి. తెరవగానే కెమెరా వచ్చేది. ఆకు చూపిస్తే "ఉత్తరేణి కావచ్చు, 71 శాతం" అనేది. కింద మరో రెండు పేర్లు పెట్టి, ఇవి కూడా అయ్యుండొచ్చు అనేది. ఒక్కోసారి "సరిగ్గా చెప్పలేకపోతున్నాను, ఆకు వెనకవైపు కూడా చూపించండి" అనేది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆ మాట అన్న ఆఫీసరును నేను చూడలేదు. బహుశా అందుకే దాని మీద అభిమానం పెంచుకున్నాను.

కొత్త యాప్ తెరవగానే ఒక ఉడత వచ్చింది. నడుం తిప్పి, "హాయ్ ప్రకృతి ప్రేమీ!" అంది. నా వయసెంతో, ఈ రోజు మనసెలా ఉందో అడిగింది. నా "ప్రకృతి ప్రయాణం" ఎక్కడిదాకా వచ్చిందో ఒక బంగారు మెట్ల వరసలో చూపించింది (మొదటి మెట్టు మీదే ఉన్నాను). తెల్లటి తెర మీద లేత పిస్తా రంగు అక్షరాలు. యాభై దాటినవాళ్లకు అవి కనబడవు. ప్రకృతిని చూడాల్సిన కళ్లను ఫోనుకు అప్పగించకూడదన్న సదుద్దేశంతోనే అలా పెట్టారని నా నమ్మకం. ఇక కెమెరా బటను. అది ఉడత తోక కింద ఉంది. మా ఆవిడ కనిపెట్టింది.

మార్పును వెక్కిరించడం తేలిక. నేను ఆ పని చెయ్యను. ఉదాహరణకు, ఈ కొత్త రూపంలో తెలుగు పెట్టారు. ఇంగ్లీషు పేరును ముక్కలుగా విరిచి, ముక్కముక్కకూ తెలుగు అతికించారు. వావిలి కొమ్మ చూపిస్తే "ఐదాకుల పతివ్రతా వృక్షం" అంది. ఇంగ్లీషులో దాన్ని చేస్ట్ ట్రీ అంటారు, చేస్ట్ అంటే శీలం గలది కనుక తర్కంలో దోషం లేదు. వావిలాకు వేసి కాచిన నీళ్లు పోసుకునే బాలింతలకు, అంత శీలవతి ఆకులతో స్నానం చేస్తున్నామని ఇన్నాళ్లూ తెలియకపోవడమే దోషం. ఉత్తరేణి "ముళ్ల పొట్టు పువ్వు" అయింది, జిల్లేడు "కిరీటం పువ్వు" అయింది. దసరా నాడు ఊరి పొలిమేర దాకా వెళ్లి మరీ వెతుక్కునే పాలపిట్ట, సాక్షాత్తూ తెలంగాణ రాష్ట్ర పక్షి, "భారతీయ రోలరు" అయిపోయింది. మా కాలనీ వాళ్లకు దీనివల్ల ఇబ్బందేమీ లేదు. రోడ్డు రోలరు కనబడినా దండం పెట్టుకుంటాం. అదీ అంత అరుదే.

కట్టలో ఉమ్మెత్త రెమ్మ ఒకటుంది, కాయతో సహా. పూజలో దత్తూరపత్రం అదే. ఫోను పైకెత్తాను. పచ్చటి టిక్కు, దాని పక్కన "ముళ్ల ఆపిల్". ఉడత చప్పట్లు కొట్టింది.

"ఆపిల్ అంట నాన్నా, తినొచ్చా?" అన్నాడు మా వాడు. వాడికి తొమ్మిదేళ్లు. కాయ అప్పటికే వాడి చేతిలో ఉంది.

ఉమ్మెత్త ఆకు నుంచి గింజ దాకా విషం. సంస్కృతంలో దానికి ఉన్మత్త అని కూడా పేరు, అంటే హెచ్చరికను పేరులోనే కలిపి పెట్టారు పాతవాళ్లు. కాయ లాక్కుని, వాడి చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించి వచ్చేసరికి కూడా ఉడత చప్పట్లు కొడుతూనే ఉంది.

అప్పుడు శాతం కోసం వెతికాను. ఎంత నమ్మకంతో చెబుతోందీ ముళ్ల ఆపిల్ సంగతి? అంకె ఉండాల్సిన చోట చిన్న తాళంకప్ప బొమ్మ. నొక్కితే: "మా సమాధానం ఎంత ఖచ్చితమో తెలుసుకోవాలనుందా? ప్రీమియంలో చేరండి." "ఇంకేమై ఉండొచ్చు?" అన్నదానికీ తాళమే. పేరు చెప్పడం ఉచితం. ఆ పేరు తప్పు కావచ్చని చెప్పడానికి మాత్రం నెలకు 199 రూపాయలు.

ఈ వ్యాపార సూత్రం ముందు నేను టోపీ తీస్తున్నాను. జ్యోతిష్కులు, స్టాక్ మార్కెట్ సలహాదారులు, టీవీ చర్చల్లో కూర్చునే మేధావులు ఇన్నేళ్లుగా అనుమానాన్ని ఊరికే పారేస్తున్నారు. దాన్ని పోగుచేసి అమ్మొచ్చని ఒక్కరికీ తట్టలేదు.

ఈ యాప్‌లలో మంత్రమేమీ లేదు. మనుషులు పేర్లు పెట్టి ఇచ్చిన లక్షల ఫొటోల నుంచి నేర్చుకున్న పోలికలను మన ఫొటోలో వెతికి, దగ్గరగా ఉన్నదాన్ని చెబుతాయి. దగ్గరగా ఉన్నది ఎప్పుడూ ఒకటుంటుంది, పెళ్లిళ్ల పేరయ్య సంచీలో ఎప్పుడూ ఒక వరుడున్నట్టు. వరుడు సరైనవాడా కాదా అన్నది వేరే ప్రశ్న. 2008లో బర్క్లీ విశ్వవిద్యాలయం విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఐనాచురలిస్ట్ అనే ఇలాంటి యాప్ ఈ ప్రశ్నను ఇంకా పట్టుకు వేలాడుతోంది. నమ్మకం చాలకపోతే ఫలానా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) అనేంత వరకే చెప్పి ఆగుతుంది, జాతి పేరు జోలికి గట్టిగా పోదు. తర్వాత మనుషుల్ని అడుగుతుంది. పేరు చెప్పినవాళ్లలో మూడింట రెండొంతులకు మించి ఒకే మాట మీద ఉంటే తప్ప పరిశోధనకు పనికొచ్చే స్థాయి ఇవ్వదు. ఇంత నిదానంగా ఉంటే ఉడత ఎప్పుడు చప్పట్లు కొట్టాలి?

పోయిన వానాకాలం మా ఊళ్లో నీళ్లగదిలో పాము కనబడింది. నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టీలు. పాత యాప్ "కట్లపాము కావచ్చు, తోడేలు పాము కావచ్చు, దగ్గరికి వెళ్లకండి" అంది. తోడేలు పాము నిరపాయం. కట్లపాము మన దేశంలో విరుగుడు మందు తయారీకి విషం తీసే నాలుగింటిలో ఒకటి. మేము తలుపేసి, పాములు పట్టే అతన్ని పిలిచాం. అతను చూసి కట్లపామే అన్నాడు. చవితి ముందు రాత్రి అదే పాము ఫొటోను కొత్త యాప్‌కు చూపించాను. క్షణం ఆలోచించలేదు. "సాధారణ తోడేలు! ఇది మీ మొదటి తోడేలు! స్నేహితులతో పంచుకోండి!"

న్యాయంగా మాట్లాడాలంటే ఒక్క దగ్గర అది నిజం చెప్పింది. దేవదారు హిమాలయాల చెట్టు. సిగ్నల్ కుర్రాడు దేవదారని పెట్టింది మాత్రం అపార్ట్‌మెంట్ల గోడల వెంట సన్నగా, పొడుగ్గా పెరిగే నరమామిడి ఆకు. యాప్ దాన్ని "అబద్ధపు అశోక" అంది. ఆ కట్ట మొత్తానికి అంతకన్నా సరైన పేరు నాకూ తోచలేదు.

మాట మీద మాట. కడప వైపు కలివి పొదల్లో తిరిగే కలివికోడి ఉందే, 1848లో జెర్డన్ దొర లెక్కకెక్కించిన పిట్ట, అది 1900 తర్వాత శాస్త్రవేత్తలకు కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో ఒక రాత్రి, అడవిలో లైటు వెలుగులో దాన్ని పట్టినవాడు ఐతన్న అనే పల్లెటూరి వేటగాడు. కొత్త యాప్‌లో వెతికితే "జెర్డన్ పరుగుగాడు" అని వచ్చింది. ఆ రాత్రి ఐతన్న చేతిలో ఈ యాప్ ఉంటే ఏమయ్యేదో ఊహించుకున్నాను. ఉడత నడుం తిప్పడం పూర్తయ్యేలోపు పరుగుగాడు పేరు సార్థకం చేసుకునేది.

బాధ్యత గల పౌరుడిగా అభిప్రాయం చెబుదామని వెళ్లాను. ప్రశ్న ఒకటే: "కొత్త రూపం మీకెంత నచ్చింది?" జవాబులు మూడు. "చాలా నచ్చింది", "నచ్చింది", "ఇంకా అలవాటు పడుతున్నాను". మూడోది నొక్కాను. కింద చిన్న డబ్బా వచ్చింది. పిల్లాడు, ఆపిల్, తోడేలు అంటూ మొదలుపెట్టానో లేదో అక్షరాలు అయిపోయాయి. ఉమ్మెత్త ఫొటో జతచేసి పంపాను. నిమిషంలో జవాబు: "మీ అభిప్రాయం మాకు అమూల్యం. మీరు జతచేసినది: ముళ్ల ఆపిల్. అభినందనలు!" దాంతోపాటు "విమర్శకుడు" అనే కంచు బిళ్ల ఒకటి ఇచ్చి, నన్ను రెండో మెట్టు ఎక్కించారు.

తెల్లారి ఐదింటికి సంచీ పట్టుకుని మెహిదీపట్నం రైతుబజార్‌కు వెళ్లాను. గేటు బయట గోనెపట్టా మీద పత్రి రాశి పోసుకుని ఒకామె కూర్చుంది. కట్ట విప్పి అడిగాను. చకచకా చెప్పుకుంటూ పోయింది: ఇది మారేడు, ఇది రేగు, ఇది గన్నేరు, పిల్లలని ముట్టనియ్యకు, ఇది జమ్మి, ఇది మద్ది. ఒక ఆకు దగ్గర ఆగింది. తిప్పి చూసింది, నలిపి వాసన చూసింది. పక్కనున్న ఆమెకు అందించింది. ఆమె కూడా వాసన చూసి పెదవి విరిచింది.

"ఇది మాత్రం తెల్వదు సారూ" అంది, ఆకును తీసి పక్కన పెడుతూ.

కట్ట ముప్ఫై రూపాయలు. తెలియదని చెప్పినందుకు విడిగా ఏమీ తీసుకోలేదు.