గంప దించిన పుణ్యాత్ములు

చేపల రేవుల్లో ఆడవాళ్ల నెత్తిమీది గంపను దించిన ఘనత ఎవరిదంటే, తడుముకోకుండా ప్రపంచీకరణదే అని చెప్పాలి. సంస్కర్తలెవరికీ చేతకానిది ఒక ఐసు లారీ చేసి చూపించింది. చేపని దూరపు బేరాలకి ఎత్తుకుపోయి, గంపలో వేయడానికి చేప లేకుండా చేసింది.

ఇదివరకు ఎంత అవస్థ! తెల్లారకముందే లేవాలి, మోకాలి లోతు నీళ్లలో దిగి బేరమాడాలి, ఎండలో తిరిగి అమ్మాలి. ఇప్పుడా టెన్షన్ లేదు. పడవ ఇంకా నడిసంద్రంలో ఉండగానే సరుకు చాలామటుకు ఫోన్లో అమ్ముడైపోతోంది.

పశ్చిమాఫ్రికాలోని సెనెగల్, గాంబియా తీరాల్లో ఈ సేవ ఇంకో మెట్టెక్కింది. అక్కడి ఆడవాళ్లు సార్డినెల్లా చేపల్ని పొగబెట్టి అమ్ముకుంటారు. పొగకి పాపం వాళ్ల కళ్లు మండుతాయని జాలిపడ్డాయేమో, చేపపొడి ఫ్యాక్టరీలు ఆ చేపల్నే ఎగరేసుకుపోతున్నాయి. నాలుగైదు కిలోల పచ్చి చేపకి కిలో పొడి. అది ఓడెక్కి వెళ్లి ఎక్కడో పెంపకపు చేపలకి మేతవుతుంది. మనుషులు తినే చేపని చేపకెందుకు పెట్టడం అని అడక్కండి. ఆ చేపకి డాలర్లు పలుకుతాయి, ఈ మనుషులకి పలకవు.

ఉద్యోగాలివ్వలేదని కూడా అనడానికి లేదు. ఎగుమతి రొయ్యల షెడ్డులో ఐసు మధ్య నిలబడి తల గిల్లాలి, పెంకు ఒలవాలి, నల్ల నరం లాగాలి. సాయంత్రానికి వేళ్లు నానిపోయి తెల్లబడతాయి. కూలి కిలోల లెక్కన. రొయ్యకి బ్యాచ్ నంబరుంటుంది, ఏ చెరువులో పెరిగిందో చెప్పే కాగితం ఉంటుంది. ఒలిచినావిడ పేరు మేస్త్రీ నోట్‌బుక్కులో ఉంటే ఉన్నట్టు.

ఇంతలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2023లో ఒక ఇబ్బందికరమైన లెక్క బయటపెట్టింది. చిన్నతరహా మత్స్యరంగంలో పదిమందిలో నలుగురు ఆడవాళ్లేనట! పడవెక్కినవాడినే లెక్కపెట్టే అలవాటున్న మనకి ఇంతమంది ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారో.

అయినా పెద్దలు పట్టించుకోవడం లేదనకండి. వేటకిచ్చే రాయితీల మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో 2001లో మాటలు మొదలై, 2022లో ఒప్పందం కుదిరి, 2025 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. అదీ అక్రమ వేట, ఇప్పటికే అడుగంటిన చేపజాతుల లాంటి వాటి వరకే. భారీ ఓడల్ని మేపి అతివేటకి ఉసిగొల్పే రాయితీల సంగతి ఇంకా మాట్లాడుకుంటున్నారు. చేపలే కాస్త ఓపిక పట్టాలి.

చేపలమ్మే ఆవిడ మాత్రం అలవాటు కొద్దీ గంప పట్టుకుని రోజూ రేవుకి వస్తోంది. వేలంపాట తన అంకె దాటగానే, ఆ గంపనే బోర్లించి దానిమీద కూర్చుంటోంది.