పంపడమా, తోలేయడమా?

రిపాట్రియేషన్‌కి తెలుగులో ఏమనాలి అని ఎవరైనా అడిగితే నేను నీళ్లు నములుతాను. పేపర్లు "స్వదేశానికి తరలింపు" అని రాసేస్తాయి. తరలింపు అంటే నాకు ధాన్యం బస్తాలు, ఇసుక లారీలే గుర్తొస్తాయి మరి.

లాటిన్‌లో పాట్రియా అంటే తండ్రుల నేల, మన పితృ శబ్దానికి చుట్టమే. ఆ నేలకి మళ్లీ చేర్చడం అని అర్థం. (డెప్యుటేషన్ అయిపోయిన ఉద్యోగిని సొంత శాఖకి పంపడాన్నీ ఇదే మాటతో అంటారు, కానీ మనం "మాతృశాఖ" అంటాం, వాళ్లకి తండ్రి, మనకి తల్లి!) వినడానికి చల్లగానే ఉంటుంది గానీ, ఆ మనిషి తనే వస్తానన్నాడా, మెడపట్టి గెంటారా అనేది ఈ మాట చెప్పదు. తెలుగులో క్రియే బయటపెట్టేస్తుంది. "పండక్కి పుట్టింటికి పంపారు", "పుట్టింటికి తోలేశారు" - అదే బస్సు, అదే ఇల్లు, కానీ రెండోది వినగానే పక్కింటావిడ "అయ్యో, ఏమైందమ్మా" అంటూ వచ్చేస్తుంది.

2025 ఫిబ్రవరి 5న అమెరికా తన సైనిక విమానంలో 104 మంది భారతీయుల్ని సంకెళ్లతో తెచ్చి అమృత్‌సర్‌లో దింపారు, అది తోలేయడం, డిపోర్టేషన్. 2020 మే 7 నుంచి, కోవిడ్‌కి విదేశాల్లో చిక్కుకుపోయినవాళ్ల కోసం నడిపిన వందే భారత్ మిషన్ విమానాల్లో వచ్చినవాళ్లు రావాలని కోరుకుని, చాలామంది టికెట్ డబ్బులు కూడా తామే కట్టుకుని వచ్చారు. రెండిటికీ ఒకే "తరలింపు" హెడ్డింగ్ పెడితే చదివేవాడికి ఏం తెలుస్తుంది?

గల్ఫ్ దగ్గరికొచ్చేసరికి ఇంకా చిక్కు. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఎవర్నడిగినా చెప్తారు, కంపెనీ నుంచి బయటపడి కాగితాల్లేకుండా బతికేవాడు ఖల్లివెల్లి, అక్కడి సర్కారు ఆమ్నెస్టీ పెడితే, అంటే శిక్ష లేకుండా వెళ్లిపొమ్మని గడువిస్తే, ఔట్‌పాస్ (పాస్‌పోర్ట్ లేనివాడికిచ్చే ప్రయాణ కాగితం) తీసుకుని ఇంటికొస్తాడు. లెక్కప్రకారం తన ఇష్టంతో వచ్చినట్టే, మరి జీతం ఎగ్గొట్టి పాస్‌పోర్ట్ దాచుకుంటేనే వాడు బయటపడి ఉంటే? మన పేపర్లేమో ఆమ్నెస్టీని "క్షమాభిక్ష" అంటాయి, తప్పంతా వీడిదే అన్నట్టు, పైగా భిక్ష ఒకటి. నాకైతే ఆ మాట చూస్తే ఒళ్లు మండుతుంది. శవాన్ని పంపడానికీ ఆఫీసు భాషలో రిపాట్రియేషనే, ఊళ్లో మాత్రం "బాక్స్ వచ్చింది" అంటారు.

అసలు ఈ మాట అబద్ధమాడేది ఎక్కడంటే, మనిషి ఎప్పుడూ చూడని ఊరికి "తిరిగి" పంపినప్పుడు. 1964 అక్టోబర్ 30న మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, లంక ప్రధాని సిరిమావో బండారనాయకే సంతకాలు పెట్టిన ఒప్పందంలో శ్రీలంక టీ తోటల తమిళుల్ని పంచుకున్నారు, 5,25,000 మంది ఇండియాకి, 3,00,000 మంది లంకకి, మిగతా లక్షన్నర సంగతి తర్వాత చూద్దాం అన్నారు. వాళ్లలో చాలామంది పుట్టింది లంకలోనే, తాతలెప్పుడో వెళ్లారు. ఇక్కడికి రావడం తిరిగి రావడం ఎలా అవుతుంది? కాగితం మీద మాత్రం రిపాట్రియేట్లు.

మనకీ అలాంటి కథే ఉంది. బర్మాలో 1962లో సైన్యాధిపతి నె విన్ అధికారంలోకొచ్చి, 1964లో దుకాణాలన్నీ జాతీయం చేసేశాక, రంగూన్‌లో తరాలుగా బతికిన తెలుగువాళ్లు చాలామంది ఓడలెక్కి ఇటొచ్చారు, విశాఖలో బర్మా క్యాంప్ అనే పేటకి పేరు అలా వచ్చిందే. ఇంగ్లీషు ఫైలు వాళ్లని తండ్రుల నేలకి చేరినవాళ్లు అంది, తెలుగు ఏమందో చూడండి, బర్మా కాందిశీకులు. సంస్కృతంలో "కాం దిశం", అంటే ఏ దిక్కుకి పోను అని అడిగేవాడు కాందిశీకుడు. ఒకే మనిషి, ఒక భాషలో ఇల్లు చేరినవాడు, ఇంకో భాషలో ఇంకా దారి అడుగుతున్నవాడు. ఓడ దిగినవాళ్ల పరిస్థితికి రెండోదే దగ్గరని నా అభిప్రాయం. చిత్రమేంటంటే హైదరాబాద్ చుట్టుపక్కల రెవెన్యూ గొడవల్లో వినిపించే "కాందిశీకుల భూములు" దేశవిభజనప్పుడు పాకిస్తాన్ వెళ్లిపోయినవాళ్లు వదిలినవి, అంటే పోయినవాడికీ వచ్చినవాడికీ మనకి ఒకటే మాట.

బర్మా, లంకల నుంచి వచ్చినవాళ్ల కోసమే 1969లో చెన్నైలో ఒక సహకార బ్యాంక్ పెట్టారు, రెప్కో బ్యాంక్. ఆ రెప్ అంటే రిపాట్రియేట్స్. ఇవాళ అక్కడ గోల్డ్ లోన్‌కి క్యూలో నిలబడ్డవాళ్లని అడిగి చూడండి, ఏదో రిపబ్లిక్ అనుకుంటారు.