బాయి కేజిలో దిగినవాళ్ళను కాపాడింది అదృష్టం కాదు

మహారాష్ట్రలోని చాందా (చంద్రపూర్), బల్లార్‌పూర్, రాజురా వైపు మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక పోస్టు తిరుగుతోంది. పాత బొగ్గుబాయి (బొగ్గు గని) ఫొటో పెట్టి కింద ఇలా రాశారు: "మన తాతలు ఒకే ఒక్క తాడుకు వేలాడే ఇనుప డబ్బాలో బాయి దిగేవారు. తాడు తెగితే అంతే. ఇంజిన్ నడిపేవాడికి కేజి కనపడేది కాదు, గుడ్డిగా లాగేవాడు. ఆవిరి ఆగితే కేజి దబ్బున కిందికి పడేది. పట్నంలో లిఫ్టులు వచ్చాకే గనులకు భద్రత తెలిసింది. అప్పట్లో బతికినవాళ్ళు దేవుడి దయవల్లే బతికారు. ఇప్పుడంతా కంప్యూటరే, భయం లేదు."

తాతల కష్టం గుర్తు చేయాలన్నదే రాసినవారి ఉద్దేశం అనుకుంటాను. కానీ ఇందులో దాదాపు ప్రతి వాక్యమూ తప్పే. ఇక్కడ వరోరాలో 1870లలోనే బొగ్గు తవ్వారు. రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. బాయి పని కోసం అటూ ఇటూ తిరిగిన కుటుంబాలు మనవి. కేజిని, అంటే మనుషుల్నీ బొగ్గునీ దించి ఎత్తే ఇనుప డబ్బాను, తాడుతో లాగే వైండింగ్ ఇంజిన్ మీద, బ్యాంక్ (బాయి పైన కేజి ఎక్కే చోటు) మీద, షాఫ్ట్ (నిలువుగా దిగే బాయి) అడుగున డ్యూటీలు చేసినవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. వాళ్ళ పనిని దేవుడి ఖాతాలో రాసేస్తే ఊరుకోవడం నావల్ల కాదు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"ఒకే ఒక్క తాడు, తెగితే అంతే."

తాడు ఒక్కటే, నిజమే. కానీ అది ఎలాంటి తాడు? మొదట్లో జనపనార తాళ్ళు, ఇనుప గొలుసులు వాడేవారు. గొలుసుతో చిక్కేమిటంటే ఒక్క లింకు విరిగితే మొత్తం పోయినట్టే, పైగా ముందుగా ఏ గుర్తూ ఉండదు. 1834లో జర్మనీలోని హార్జ్ కొండల్లో, క్లాస్‌టాల్ దగ్గర విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే గనుల అధికారి ఇనుప తీగలు పేని తాడు చేయించాడు. ఇందులో బోలెడన్ని తీగలుంటాయి. తాడు పాడవుతుంటే అవి ఒక్కొక్కటిగా తెగుతాయి. తెగిన కొస బయటికి పొడుచుకొస్తుంది, చూసేవాడికి తెలిసిపోతుంది. అంటే చెడిపోతున్న సంగతి తాడే ముందుగా చెబుతుంది. రోజూ చూసే మనిషి ఉంటే చాలు.

ఆ మనిషిని పెట్టడం యజమాని ఇష్టానికి వదిలేయలేదు. మన దేశంలో గనుల చట్టం 1901లోనే వచ్చింది. తర్వాత వచ్చిన బొగ్గు గనుల నిబంధనల్లో తాడు గురించే బోలెడు రాశారు. మామూలు లోతున్న బాయిలో మనుషుల్ని దించే తాడు, తన సొంత బరువుతో సహా మోయాల్సిన బరువుకు 10 రెట్లు లాగినా తెగకూడదు. తాడుకు రోజూ తనిఖీ ఉండాలి. పైకి బాగానే కనిపిస్తున్నా, మూడున్నరేళ్ళు వాడాక సాధారణంగా తీసేయాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యమైనది రీక్యాపింగ్. కేజికి తగిలించిన చోట తాడు ఎక్కువ నలుగుతుంది. ప్రతి కుదుపూ అక్కడే పడుతుంది, తుప్పూ అక్కడే పడుతుంది. అందుకని ఆరు నెలలకోసారి ఆ కొసను కోసేస్తారు. కోసిన ముక్కను పేట పేటగా విప్పి, లోపలి తీగలు ఎలా ఉన్నాయో చూస్తారు. తుప్పు ఎంత లోపలికి పోయింది, గ్రీజు లోపలిదాకా అందిందా, ఎక్కడైనా తీగ సన్నబడిందా అని చూస్తారు. తర్వాత మంచి భాగంలో కొత్త కొస తీసుకుని, తీగల్ని విడదీసి, శుభ్రంగా తుడిచి, గరాటు ఆకారపు సాకెట్లో దించి కరిగించిన తెల్లలోహం పోస్తారు. తీగల మీద నూనె మరక మిగిలితే లోహం పట్టదు. అందుకే తుడిచే పని చేతిలో ఉన్నవాడు ఎవరు తొందరపెట్టినా వినడు. దీన్ని దేవుడి దయ అంటే ఎలా ఒప్పుకుంటాం?

తాళ్ళు ఎప్పుడూ తెగలేదని నేననడం లేదు. తెగాయి, మనుషులు పోయారు. ఈ నిబంధనల్లో చాలావాటి వెనక అలాంటి చావులున్నాయి.

"కేజి కనపడేది కాదు, గుడ్డిగా లాగేవాడు."

కేజి కనపడదు, అంతవరకు సరే. కానీ అది ఎక్కడుందో అతనికి ప్రతి క్షణం తెలుస్తుంది. ఇంజిన్ ఎదురుగా డెప్త్ ఇండికేటర్ ఉంటుంది. తాడు చుట్టుకునే డ్రమ్ముతో పాటు దాని ముల్లు కదులుతుంది, కేజి ఏ లోతులో ఉందో చూపిస్తుంది. కేజి చివరికి వస్తుంటే గంట మోగుతుంది. ఆ డ్రమ్ము మీద కూడా రంగుతో గుర్తులు పెట్టుకునేవారు.

ఇక సిగ్నళ్ళు. కేజి ఎక్కించి గంట కొట్టే మనిషిని బాయి అడుగున ఆన్‌సెట్టర్ అంటారు, పైన బ్యాంక్స్‌మన్ అంటారు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఒక గంట కొడితే పైకి లాగమని, నడుస్తున్నప్పుడు అదే ఒక గంట కొడితే ఆపమని. రెండు కొడితే దించమని. మూడు కొడితే మనుషులు ఎక్కబోతున్నారని. ఆ మూడింటికి పై నుంచి తిరిగి మూడు మోగితేనే కేజిలో కాలు పెట్టాలి. మూడు మోగాయంటే ఇంజిన్ గదిలో పద్ధతే మారిపోతుంది. బొగ్గు లాగే వేగంతో మనుషుల్ని లాగకూడదు. షిఫ్టు దిగే ముందు ఖాళీ కేజిని ఒకసారి కిందికీ పైకీ తిప్పి చూడాలి. వైండింగ్ ఇంజిన్ నడపాలంటే పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మా మేనమామ ఆ డ్యూటీలో ఉన్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. టీ తెచ్చినవాడు కూడా గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోవాల్సిందే.

అయినా మనిషే కదా, ఒక్క క్షణం ఏమరుపాటు రావచ్చు. కేజి పైన ఆగకుండా హెడ్‌గేర్ (బాయి మీది గోపురం) చక్రం దాకా వెళ్ళిపోతే? దానికీ 1860లలోనే ఉపాయం దొరికింది. ఇంగ్లండ్‌లో ఆథర్టన్ గనుల్లో పనిచేసే ఎడ్వర్డ్ ఆర్మరాడ్ తయారు చేసిన విడిపోయే కొక్కెం పేరుపొందింది. తాడుకూ కేజికీ మధ్య, ఒకదాని మీద ఒకటి చేర్చిన ఉక్కు పలకలుంటాయి. వాటిని ఒక రాగి పిన్ను పట్టి ఉంచుతుంది. చక్రానికి కింద హెడ్‌గేర్‌లో బలమైన ఉక్కు రింగు బిగించి ఉంటుంది. కేజి హద్దు దాటి పైకి వస్తే కొక్కెం ఆ రింగులోకి దూరుతుంది. రింగు అంచు పలకల్ని లోపలికి నొక్కుతుంది, రాగి పిన్ను తెగుతుంది. అప్పుడు పై కొస తెరుచుకుని తాడును వదిలేస్తుంది, అదే కదలికతో పలకల భుజాలు రింగు పైన బయటికి వచ్చి కూర్చుంటాయి. తాడు ఒక్కటే చక్రం మీదుగా వెళ్ళిపోతుంది, కేజి మనుషులతో సహా రింగుకు వేలాడుతూ నిలబడుతుంది. కరెంటు అక్కర్లేదు, ఎవరూ మీట నొక్కక్కర్లేదు. ఈ ఒక్కటి తెలుసుకున్నా ఆ పోస్టు రాసినవారు "గుడ్డిగా" అన్న మాట వాడి ఉండేవారు కాదు.

"ఆవిరి ఆగితే కేజి దబ్బున పడేది."

ఇది తలకిందులుగా చెప్పిన మాట. మామూలు బాయిలో రెండు కేజిలు ఉంటాయి. గిలక బావికి రెండు కొసలా బిందెలు కట్టినట్టు, ఒకటి దిగుతుంటే ఇంకోటి ఎక్కుతుంది. కేజిల బరువు ఒకదానికొకటి సరిపోతుంది. ఇంజిన్ మీద పడేది బొగ్గు బరువూ, తాళ్ళ పొడవులోని తేడానే. ఇక బ్రేకు సంగతి. పద్ధతి ప్రకారం కట్టిన ఇంజిన్‌లో బ్రేకును పట్టించేది పెద్ద దిమ్మ బరువో, స్ప్రింగుల బలమో. ఆవిరి గానీ గాలి గానీ చేసే పని ఆ బరువును ఎత్తి బ్రేకును వదిలించడమే. ఆవిరి పోతే దిమ్మ దిగుతుంది, బ్రేకు పడుతుంది, డ్రమ్ము ఆగుతుంది.

అయితే ఇక్కడ నిజంగా భయపడాల్సిన విషయం వేరే ఉంది, పోస్టులో దాని ఊసే లేదు. 1973 జులై 30న ఇంగ్లండ్‌లోని మార్క్‌హమ్ బొగ్గు గనిలో 29 మందితో దిగుతున్న కేజి ఆగకుండా అడుక్కు వెళ్ళి గుద్దుకుంది. 18 మంది చనిపోయారు, మిగతా 11 మందికి తీవ్ర గాయాలు. తాడు తెగలేదు. ఇంజిన్ నడిపే మనిషి నిద్రపోలేదు. బ్రేకులో స్ప్రింగుల మధ్య ఉండే ఒక్క కడ్డీ, ఏళ్ళ తరబడి పని చేసి లోపల్లోపల పగిలి, ఆ రోజు విరిగింది. బ్రేకు మొత్తం ఆ ఒక్క కడ్డీ మీదే ఆధారపడి ఉంది. బ్రేకులో ఏ ఒక్క భాగం పోయినా మొత్తం పోయే పరిస్థితి ఉండకూడదన్న పట్టుదల ఆ తర్వాతే గట్టిపడింది. తాడు మీదే కళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఇలాంటి కడ్డీ ఎవరికీ కనపడదు.

"పట్నం లిఫ్టులు వచ్చాకే భద్రత."

అమెరికాలో లిఫ్టులు తయారు చేసిన ఎలీషా ఓటిస్ న్యూయార్క్ ప్రదర్శనలో తాడు కోయించి, లిఫ్టు పడకుండా ఆగడం చూపించింది 1854లో. తాడు తెగితే గైడ్లను (కేజి ఊగకుండా దారి చూపే దూలాలను) పట్టుకునే పళ్ళున్న గని కేజిలు ఇంగ్లండ్‌లో 1840లలోనే ఉన్నాయి. అలాగని ప్రతి బాయిలోనూ ఈ పళ్ళు ఉండేవని కూడా రాయకండి. చెక్క గైడ్లయితే అవి బాగా దిగబడతాయి, తాళ్ళే గైడ్లుగా ఉన్న చోట అంత నమ్మకం లేదు. కొన్నిసార్లు తాడు బాగానే ఉన్నా దారి మధ్యలో పట్టేసి కొత్త ప్రమాదం తెచ్చేవి. అందుకే చాలాచోట్ల వాటికన్నా తాడు నాణ్యత మీద, తనిఖీ మీద ఎక్కువ ఆధారపడ్డారు.

"బతికినవాళ్ళు దేవుడి దయవల్లే."

దేవుడి మీద నమ్మకం ఎవరిది వాళ్ళది, దాని జోలికి నేను పోను. కానీ మన గనుల్లో ఎక్కువ ప్రాణాలు తీసింది కేజి కాదు. పైకప్పు కూలడం, నీళ్ళు, గ్యాసు. 1975 డిసెంబర్ 27న ఇప్పటి జార్ఖండ్‌లోని చాస్‌నాలా బొగ్గు గనిలో 370 మందికి పైగా పోయింది నీళ్ళు ముంచెత్తడం వల్ల. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో 17 మంది పోయిందీ నీళ్ళతోనే. ఇంగ్లండ్‌లోని హార్ట్‌లీ గనిలో 1862లో పంపు ఇంజిన్ దూలం విరిగి ఉన్న ఒక్క షాఫ్ట్‌లో పడి దారి మూసేసింది, మొత్తం 204 మంది చనిపోయారు, దాదాపు అందరూ బయటికి రాలేకే. గనికి బయటపడే దారులు కనీసం రెండుండాలన్న చట్టం దాని తర్వాతే వచ్చింది.

"ఇప్పుడంతా కంప్యూటరే, భయం లేదు."

ఆ పోస్టులో అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం ఇదే. 1995లో దక్షిణాఫ్రికాలోని వాల్ రీఫ్స్ బంగారు గనిలో భూగర్భ రైలింజిన్ షాఫ్ట్‌లోకి దొర్లి కేజి మీద పడింది, 104 మంది చనిపోయారు. అదే దేశంలో 2023 నవంబర్ 27న రస్టెన్‌బర్గ్ దగ్గరి ప్లాటినం గనిలో షిఫ్టు దిగి పైకి వస్తున్నవాళ్ళ కేజి ఉన్నట్టుండి వెనక్కి జారింది, 13 మంది పోయారు. మన దేశంలోనే, రాజస్థాన్‌లోని కోలిహాన్ రాగి గనిలో 2024 మే 14న లిఫ్టు ప్రమాదం జరిగి 15 మంది లోపల చిక్కుకున్నారు. 14 మందిని ప్రాణాలతో పైకి తెచ్చారు, ఒకరు పోయారు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడు "రాత అలా ఉంది" అనుకుని మనం పేజీ తిప్పేస్తే తప్పు చేసినవాళ్ళకు అంతకన్నా సుఖం లేదు. అడగాల్సిన ప్రశ్నలు మన పాత వైండర్లకు (వైండింగ్ ఇంజిన్ నడిపినవాళ్ళకు) కంఠతా వచ్చు. ఆ తాడు ఎక్కించి ఎన్నేళ్ళయింది? చివరి రీక్యాపింగ్ ఎప్పుడు, కోసిన ముక్కలో ఏం కనపడింది? బ్రేకు కడ్డీలను విప్పి చూసింది ఎప్పుడు? ఆ పొద్దున ఖాళీ కేజి తిప్పారా? రిజిస్టర్‌లో సంతకం ఎవరిది?