అచ్చు వచ్చింది, స్కాన్ రాలేదు

పింఛను కాగితాలు పట్టుకుని మా నాన్నగారు ప్రతిసారీ ఎండలో విజయనగరం గంటస్తంభం దగ్గరి జిరాక్సు దుకాణానికి నడవకూడదనే ఉద్దేశంతో, ప్రింటు, స్కాను, నకలు మూడూ చేసే యంత్రాన్ని ఇంటికి తెచ్చాను. నా కంప్యూటరును నడిపే లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ అనే ప్రోగ్రాము దానిని వెంటనే గుర్తించింది. 5 నిమిషాల్లో మొదటి పుట వచ్చింది. స్కానరు మాత్రం రెండు ఆదివారాలను మింగేసింది. స్కానింగ్ చూసే సేన్ పూర్తిగా వేరే వ్యవస్థ కనుక, ఒకటి పనిచేసినంత మాత్రాన రెండోది పనిచేయదు. యంత్రాన్ని కంప్యూటరుతో మాట్లాడించేందుకు తయారీ సంస్థ ఇచ్చిన ప్రోగ్రాము, అంటే డ్రైవరు, తన ఫైళ్లను లిబ్64 అనే ఫోల్డరులో పెట్టింది; నేను వాడే లినక్స్ రకం ఉబుంటు వాటిని మరోచోట వెతుకుతుంది. ఆ రెండు చోట్లనూ లింకులతో కలిపాక, రూట్ అనే సర్వాధికారంతో నడిపితే స్కానరు కనిపించింది, మామూలు వాడుకరిగా నడిపితే మాయమైంది. ఏ పరికరాన్ని ఎవరు వాడవచ్చో చూసే యూడెవ్‌కు నియమం ఒకటి రాస్తే గానీ ఆ అనుమతి దక్కలేదు. డ్రైవరుతో పని లేకుండా స్కాన్ చేయించే ఈఎస్‌సీఎల్ పద్ధతి ఒకటి ఉంది, డెబియన్ అనే మరో లినక్స్ రకంలో 2021లో వచ్చిన 11వ వెర్షన్‌లో అప్పటికే దానికి తోడ్పాటు ఉంది, కానీ నా యంత్రానికి ఆ పద్ధతి తెలియదు. లినక్స్‌కు అనుకూలమని పెట్టె మీద ముద్రించిన సంస్థకు, ఆ మాటలో స్కానరు కూడా భాగమేనని ఎందుకు తోచలేదు? ఆ రెండు వారాలూ నాన్నగారు ఎండలోనే గంటస్తంభానికి నడిచారు.