300 గజాల నుంచి 42 గజాలకి

"అమ్మాయ్, 300 గజాల వాణ్ణి 42 గజాల వాణ్ణయ్యాను."

2025 ఫిబ్రవరిలో తార్నాక ఇల్లు అమ్మేసి, రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లు దిగుతూ మా నాన్న ఫోన్లో అన్న మొదటి మాట ఇది. అప్పటికే కొనుక్కున్న ఫ్లాటు 1150 అడుగులు, దానికి వాటాగా రాసిన నేల 42 గజాలు. హైదరాబాద్‌లో ఆయన తరం వాళ్ళకి ఇల్లంటే నేలే. ఎన్ని బెడ్‌రూములని ఎవరూ అడగరు, ఎన్ని గజాలని అడుగుతారు. నాకేమనాలో తోచలేదు. "భోంచేశావా నాన్నా" అన్నాను.

ఆ స్థలం 1978లో కొన్నారు. నాన్న రైల్ నిలయంలో ఉద్యోగి. 1984లో కింద రెండు గదులూ వంటిల్లూ వేశారు, షాబాదు బండలతో. అన్నయ్య ఇంజినీరింగ్‌లో చేరిన 1993లో పైన మేడ లేచింది, అప్పటి ఫ్యాషన్ ప్రకారం మొజాయిక్‌తో. వెనక మామిడి, ముందు పారిజాతం, పక్కన సంపు. తర్వాత అన్నయ్య సిడ్నీ వెళ్ళాడు, నేను అమెరికాలో కొలంబస్ వచ్చాను. మేడ మీది రెండు గదులూ మా పేరు మీద ఇరవై ఏళ్ళు అలాగే ఉండిపోయాయి.

అమ్ముదామని నాన్న మొదటిసారి 2019లో అన్నారు. అడ్డం పడింది చుట్టాలు కాదు, మేమిద్దరమే. "అంత తొందరేముంది నాన్నా" అని అన్నయ్య. "పిల్లలకి తాతగారిల్లు ఉండద్దా" అని నేను. ఆ పిల్లలు వెళ్ళిన ప్రతిసారీ ఏసీ ఉన్న ఒక్క గదిలో ఫోన్లు పట్టుకుని కూర్చున్నారన్న సంగతి మాత్రం ఆ కాల్‌లో నేను చెప్పలేదు. నాన్న మారు మాట్లాడలేదు. పిల్లలు వద్దంటే మన తల్లిదండ్రులు మానేస్తారు. మన ఓటుకి అక్కడ ఎంత బరువుందో మనకి తెలియదు. తెలిసే వాడుకుంటామేమో కూడా.

2022 వేసవిలో, ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు ఉండి, ఎప్పటిలా మూడు వారాలు కాకుండా రెండు నెలలున్నాను. మూడు వారాల్లో కనిపించనిది రెండు నెలల్లో కనిపించింది. రోజు విడిచి రోజు నల్లా. దానికోసం తెల్లవారకముందే లేవడం, సంపు నిండిందో లేదో మూత తీసి టార్చితో చూడటం, మోటారు వేసి ఆపడం మర్చిపోతే ట్యాంకు పొర్లి సజ్జ మీంచి ధార కట్టడం. మామిడాకులు ఎంత ఊడ్చినా సాయంత్రానికి మళ్ళీ అంతే. పైన తుడవాలంటే పనావిడ విడిగా డబ్బులడిగేది, న్యాయమే. వానాకాలం రాకముందే మేడ మీద పగుళ్ళు పూడ్పించాలి. అమ్మ మోకాళ్ళు అరిగి అప్పటికే నాలుగేళ్ళు, ఆవిడ మేడెక్కి రెండేళ్ళు. తన ఇంట్లో సగం ఆవిడ చూడటం లేదు.

రోజూ చీకటి పడగానే నాన్న మెట్లెక్కి నా గదిలో లైటు వేసి దిగేవారు. రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ ఎక్కి ఆర్పేవారు. నేనున్నానని వేస్తున్నారనుకున్నాను. కాదుట. పైన ఎవరూ లేరని తెలిస్తే దొంగలు పడతారని, కొన్నేళ్ళుగా రోజూ చేస్తున్న పనేనట. అప్పటికి ఆయనకి 76. నేను లేని గదిలో నేనున్నట్టు చూపించడానికి రోజుకి రెండుసార్లు మెట్లెక్కుతున్నారు. "తాతగారిల్లు ఉండద్దా" అన్న నా మాట ఆ రాత్రి గుర్తొచ్చి సిగ్గేసింది.

ఏడాదికి మూడు వారాలు మనం ఆ ఇంట్లో ఉంటాం. మిగతా నలభై తొమ్మిది వారాలు ఆ ఇల్లు వాళ్ళ నెత్తిన ఉంటుంది. కాబట్టి అమ్మాలా వద్దా అన్న దాంట్లో మనకి ఓటు లేదని నా అభిప్రాయం. అయితే ఇక్కడితో ఆగితే సగం మాటే చెప్పినట్టు. ఎందుకంటే "సరే, అమ్మండి" అన్న రోజు నుంచి మనం రెండో తప్పు మొదలుపెడతాం, ఎక్కడ కొనాలో కూడా మనమే చెప్తాం.

అన్నయ్య కొల్లూరు వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీ చూశాడు. క్లబ్‌హౌస్, వాకింగ్ ట్రాక్, జనరేటర్, సెక్యూరిటీ. "ఔటర్ రింగు రోడ్డెక్కితే సూటిగా ఎయిర్‌పోర్టే" అని మురిసిపోయాడు. ఎయిర్‌పోర్టుకి వెళ్ళేది మేము. మన లెక్కలో హైదరాబాద్‌కి నడిబొడ్డు శంషాబాద్, వాళ్ళకి కాదు. నాన్న నడక ఉస్మానియా క్యాంపస్‌లో, ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్ళి రావడం. రైల్వే పెన్షనర్‌గా ఆయన వైద్యం లాలాగూడ రైల్వే ఆసుపత్రిలో, ఆటో ఎక్కితే పక్కనే. పెన్షన్ వచ్చే బ్యాంకులో ఆయన సంతకం వంకర పోయినా గుర్తుపట్టే మనుషులున్నారు. అరువు పెట్టే మందుల షాపు ఉంది. అమ్మకి వీధి మలుపులో కూరల బండి, గురువారం సాయిబాబా గుడి, నలభై ఏళ్ళుగా కరివేపాకు ఇచ్చిపుచ్చుకునే నలుగురు ఆడవాళ్ళు. 2017 చివర్లో మెట్రో వచ్చాక అమీర్‌పేట చుట్టాలింటికి కూడా ఇద్దరూ ఎవరి సాయం లేకుండా వెళ్ళొస్తున్నారు. ఇవన్నీ తీసేసి క్లబ్‌హౌస్ ఇస్తే ఏం చేసుకుంటారు? కొల్లూరు నుంచి లాలాగూడ అంటే ఊరి ఆ చివర నుంచి ఈ చివరకి. చిన్నింటికి మారడమంటే గదులు తగ్గాలి గానీ మనుషులు తగ్గకూడదు. ఈ ఒక్క విషయంలో నాన్న గట్టిగా నిలబడ్డారు. పాత ఇంటికి రెండు వీధుల అవతల, పదేళ్ళ పాత అపార్ట్‌మెంట్లో, లిఫ్టున్న మూడో అంతస్తులో కొన్నారు.

మరి డెవలప్‌మెంట్‌కి ఇవ్వచ్చు కదా అని చాలామంది అడిగారు. స్థలం మనది, కట్టుబడి బిల్డరుది, ఫ్లాట్లు ఇద్దరికీ. ఉన్న చోటే ఉండచ్చు, పిల్లలకి తలా ఒకటి వస్తుంది. నాన్నకి యాభై ఏళ్ళప్పుడైతే నేనూ అదే చెప్పేదాన్ని. కానీ ఇల్లు పడగొట్టి కట్టేదాకా రెండు మూడేళ్ళు అద్దెకుండాలి. పర్మిషన్ అనో, ఇంకోటనో ఆలస్యమైతే ఇంకో ఏడాది. 78 ఏళ్ళ మనిషిని రెండుసార్లు ఇల్లు మార్పించి, మధ్యలో రోజూ ఇసుక లారీలు లెక్కపెట్టించడం నాకు నచ్చలేదు. పైగా ఆ "తలా ఒకటి" కోసమే మనం డెవలప్‌మెంట్ అంటున్నామేమో ఎవరికి వాళ్ళు చూసుకోవాలి.

డబ్బు సంగతి కొంచెం చెప్పాలి, మన పాఠకుల్లో చాలామందికి ముందు ముందు పనికొస్తుంది. ఇల్లు నాన్న స్వార్జితం. వీలునామా లేకుండా తర్వాతి కాలానికి వదిలేస్తే అమ్మ, అన్నయ్య, నేను సమాన వారసులం. అప్పుడు అమ్మాలంటే సిడ్నీలో ఒకరు, కొలంబస్‌లో ఒకరు పవరాఫ్ అటార్నీలు రాసి, నోటరీ, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లడానికి వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) చేయించి పంపాలి. అవి ఇండియా చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టాలి. ఎన్నారైలం అమ్మితే కొనేవాళ్ళు పన్ను కింద ముందే కోసే టీడీఎస్ 12.5 శాతం పైమాటే, తక్కువ కోతకి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మొత్తం అమ్మకం ధర మీద. నాన్న అమ్మారు కాబట్టి కోసింది 1 శాతం. 2024 జూలై 23కి ముందు కొన్న ఇళ్ళకి, ఇండియాలోనే ఉంటున్న వాళ్ళయితే లాభం మీద పన్నుకి ఇండెక్సేషన్‌తో (పెరిగిన ధరలకి తగ్గట్టు కొన్న ధర పెంచి) 20 శాతం లెక్క ఎంచుకోవచ్చు, ఎన్నారైలకి ఆ వీలు లేదు. అమ్మిన రెండేళ్ళలోగా, లేదా అమ్మడానికి ముందు ఏడాదిలో ఇల్లు కొంటే, లాభంలో అంతమేరకు పన్నుండదు. చిన్నింటికి వెళ్ళేవాళ్ళకి డబ్బు మిగులుతుంది కాబట్టి అసలు తిప్పలు అక్కడే. అమ్మిన ఆరు నెలల్లో 50 లక్షల దాకా పన్ను మినహాయింపు బాండ్లలో పెట్టచ్చు, ఐదేళ్ళు కదపకూడదు. మిగతాది మీ ఆడిటర్ చెప్తారు. ఈ పని వాళ్ళ చేతుల మీదుగా, వాళ్ళ ఓపిక ఉండగా జరగడమే అందరికీ మేలు.

ఇక సామాను. ఫోన్లో తేలుతుందనుకున్నాం. వీడియో కాల్‌లో అటక చూపించి "ఇది ఉంచనా, తీసెయ్యనా" అని అమ్మ అడిగితే అన్నయ్య అన్నిటికీ "తీసెయ్" అన్నాడు, నేను అన్నిటికీ "ఉంచు" అన్నాను. ఆవిడ ఫోన్ పెట్టేసింది. చివరికి సెలవు పెట్టి నేనే వెళ్ళాను.

నాన్న పుస్తకాలు, పాత రైల్వే టైంటేబుళ్ళు రెండు రోజుల్లో అయిపోయాయి. స్టీలు గిన్నెల దగ్గర వారం పట్టింది. 1974 పెళ్ళి నుంచి ప్రతి గిన్నె మీదా పేరు చెక్కించి ఇచ్చారు కదా. అమ్మ కింద చాప వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ తిప్పి చదివేది. "ఇది మీ పెద్దత్తయ్య ఇచ్చింది. ఇది మా పక్కింటి వాళ్ళు, పాపం వాళ్ళకే లేదు అప్పుడు." సగం పేర్ల మనుషులు లేరిప్పుడు. బేగంబజార్ షాపులో పాత సామాను తూకానికి తీసుకుంటారు, పేర్లకి విలువ కట్టరు. అందుకని ఎవరిచ్చిన గిన్నె వాళ్ళ పిల్లలకే చేరేద్దామన్నాను. నాలుగు రోజులు ఆటోలో తిరిగాం. ఒక మేనత్త కొడుకు వాళ్ళమ్మ పేరున్న పాల గిన్నె చేతిలోకి తీసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంకొకాయన మాత్రం "ఇప్పుడెవరు వాడుతున్నార్లే" అని సోఫా కింద పెట్టేశారు. గంగాళం, బిందెలు తూకానికే వెళ్ళాయి. రోలు ఎవరూ తీసుకోలేదు, మామిడి చెట్టు కిందే వదిలేశాం.

పందిరి మంచం లిఫ్టులో పట్టలేదు. మెట్ల మీదుగా ఎక్కించినా గదిలో పట్టేది కాదు. 1150 అడుగులన్న ఫ్లాటులో గోడల మధ్య టేపు పెట్టి కొలిస్తే 860 వచ్చింది. మిగతాది గోడల మందం, మెట్లు, లిఫ్టు, కారిడారు. ఇళ్ళ అమ్మకాలని నియంత్రించే రెరా చట్టం కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపలి నేల, చెప్పమంటున్నా, మన వాళ్ళ నోట్లో ఇంకా పాత లెక్కే. కొనేముందు టేపు పట్టుకెళ్ళండి, బీరువా కొలత రాసుకుని మరీ.

ఒక మధ్యాహ్నం నా పదో తరగతి నోట్సులు, కాలేజీ గ్రీటింగ్ కార్డులు ఉన్న ట్రంకు పెట్టె చూపించి, "దీన్నేం చేద్దామే?" అంది అమ్మ. ఉంచమన్నాను. "నీ బేస్‌మెంట్‌లో ఎన్ని డబ్బాలున్నాయి?" అని అడిగింది. నాలుగు బెడ్‌రూముల ఇంట్లో మేమిప్పుడు ఇద్దరమే. పెద్దవాడు కాలేజీకెళ్ళాడు, చిన్నదీ ఈ ఏడాది వెళ్ళింది. బేస్‌మెంట్ నిండా వాళ్ళ సైకిళ్ళు, బొమ్మలు, నేను విప్పని డబ్బాలు. ఆ డబ్బాల సంఖ్య అమ్మకి చెప్పలేదు.

అమ్మ సుఖంగా ఉందని నేను రాయను. మట్టి లేని ఇంట్లో ఆవిడ ఎప్పుడూ లేదు. వడియాలు పెట్టాలంటే టెర్రస్ తాళం అసోసియేషన్ వాళ్ళనడగాలి, అది ఆవిడకి చిన్నతనంగా ఉంది. పాత ఇల్లు పడగొట్టిన వారం ఆ వీధిలోకి వెళ్ళనేలేదు. మామిడి చెట్టు కొట్టేశారని కూరల బండి అతనే చెప్పాడట. పండక్కి పది మంది వస్తే కూర్చోబెట్టే చోటు లేదు, ఇద్దరిద్దరుగా రమ్మంటోంది. కానీ మోకాళ్ళు అడ్డం రాకుండా ఇల్లంతా తిరుగుతోంది. ఆ నలుగురు ఆడవాళ్ళలో ముగ్గురు సాయంత్రాలు లిఫ్టెక్కి వస్తున్నారు. నాన్న అదే క్యాంపస్‌లో అదే నడక.

మొన్న ఫోన్లో అమ్మ ఒకటి చెప్పింది. రాత్రి పడుకోబోయే ముందు నాన్న ఇప్పటికీ మంచం మీంచి లేస్తారట. తలుపు దాకా వెళ్ళి, కాసేపు నిలబడి, మంచినీళ్ళు తాగి వచ్చి పడుకుంటారట.