బొమ్మల దగ్గరికి తడిగుడ్డ తేకండి

ఆ గుడ్డను నేను పారేయలేదు. బల్ల మీద నా ఎదురుగానే ఉంది. తెల్లటి నూలుగుడ్డ, దాని మధ్యలో అరచేతి వెడల్పున నీలం. ఆ నీలం ఈ రోజు పొద్దున ఎనిమిది గంటల దాకా మా హాల్లో గోడ మీద, ఒక చెరువు పైన ఆకాశంలో ఉండేది.

జరిగింది ఇంతే. రెండు రోజులు ఉందామని వచ్చిన మా బావగారు ఖాళీగా కూర్చోలేక, అద్దాలు తుడిచే మందు సీసా పట్టుకుని కిటికీలన్నీ తుడిచారు. కిటికీలు అయ్యాక చెయ్యి ఆగలేదు. "బొమ్మ మీద కూడా దుమ్ము పట్టిందమ్మా, అదీ తుడిచేశాను" అన్నారు. మంచి మనిషి, వయసులో పెద్దవారు, మా అక్క ముఖం చూసి కూడా ఆయనను ఏమీ అనలేకపోయాను. అక్కడ అనలేనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఆ సీసాలో ఉండేది ఆల్కహాలు, చాలా రకాల్లో అమోనియా కూడా. గాజు మీది జిడ్డును వదిలించడానికి తయారు చేసిన మందు అది. మరి తైలవర్ణ చిత్రమంటే ఏమిటి? రంగుపొడిని నూనెలో మెత్తగా నూరి గుడ్డ మీద పూసిన పని. జిడ్డును వదిలించే మందు నూనె జోలికి పోకుండా ఉంటుందా? పైగా ఆ చిత్రం వయసు ఐదు నెలలు. నీటిరంగు ఆరినట్టు నూనెరంగు ఆరదు. ఆవిరైపోవడానికి అందులో నీళ్లు లేవు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని మెల్లగా గట్టిపడుతుంది. వేలికి పొడిగా తగలడానికి కొన్ని రోజులో, కొన్ని వారాలో పడుతుంది. లోపలి దాకా గట్టిపడడానికి నెలలు, మందంగా పూసిన చోట ఏడాది పైనే కావాలి. అందుకే ఆ చిత్రకారిణి నాకు ఇచ్చేటప్పుడే, "ఏడాది నిండాక తీసుకురండి, వార్నిషు నా చేత్తో వేస్తాను" అని చెప్పి పంపింది. అంటే ఈ పొద్దుటికి దాని మీద ఏ రక్షణా లేదు. పచ్చి ఒంటి మీద మందు చల్లి రుద్దారు.

వార్నిషు అంటే మెరుపు కోసం అనుకునే వాళ్లకు కూడా చెబుతున్నాను. చిత్రానికి పట్టాల్సిన మురికిని తన మీదికి తీసుకుని, అవసరమైనప్పుడు తొలగించడానికి వీలుగా ఉండే పొర అది. పాతకాలపు రెసిన్ వార్నిషులు ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి నల్లబడతాయి. రెంబ్రాంట్ 1642లో పూర్తి చేసిన పెద్ద చిత్రానికి 'నైట్ వాచ్' అనే పేరు అలాగే వచ్చింది. వార్నిషు, మసి కలిసి పగటి వెలుగును రాత్రిగా మార్చేశాయి. 1940లలో ఆ వార్నిషు తీశాక గానీ వెలుగు బయటపడలేదు. అంతటి చిత్రాన్ని కూడా కాపాడింది ఆ పొరే. మా చెరువుకు అది వేయడానికి ఇంకా ఏడు నెలలు ఉంది.

ఇక ఫోనుల్లో తిరిగే చిట్కాలు. బంగాళాదుంపను సగానికి కోసి రుద్దమని ఒకరు, బ్రెడ్ ముద్దతో అద్దమని ఇంకొకరు. ఆ పిండి అంతా రంగు గరుకులో ఇరుక్కుంటుంది, తర్వాత బూజుకూ పురుగులకూ మేత అవుతుంది. వట్టి నీళ్లే కదా అంటారు. పాత చిత్రం మీద కంటికి ఆనని పగుళ్లు వందలు ఉంటాయి. నీళ్లు వాటిలోంచి దిగి, కాన్వాసుకు ముందుగా పట్టించిన జిగురును ఉబ్బిస్తాయి. అడుగు కదిలితే పైన ఉన్న రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. టీవీ తెర దగ్గరకు ఎవరైనా తడిగుడ్డతో వస్తే ఇంటిల్లిపాదీ కేకలు వేస్తాం. దాని మీద ఏం వాడాలో కాగితం తీసి చదువుతాం. ఒక మనిషి నెలల తరబడి నిలబడి చేసిన పనికి మాత్రం కిటికీకి చేసిన మర్యాదే చాలునా?

మెత్తటి వెంట్రుకల కుంచె, పొడిది, ఇంకే పనికీ వాడనిది ఒకటి ఉంటే చాలు. ముందు పక్క నుంచి దీపం వేసి చూడాలి. ఎక్కడైనా రంగు లేచి ఉంటే చెయ్యి పెట్టకూడదు. అలా ఎక్కడా లేచి లేకపోతే చిత్రాన్ని కాస్త ముందుకు వంచి, పై నుంచి కిందికి మెల్లగా దులపాలి. ఈకల కట్టతో కూడా వద్దు, విరిగిన ఈక రంగు అంచులకు తగులుకుంటుంది. ఇంట్లో మనం చేయదగిన శుభ్రత ఇంతే. మిగిలినది నేర్చుకున్న వాళ్ల పని. వాళ్లు చిన్న దూది పుల్లలతో, ఒక్కోసారి తమ ఉమ్మినే వాడి, గోరంత మేర తుడిచి ఆగి చూస్తారు. అది చదివి మీరు మొదలుపెట్టకండి, దయచేసి.

2012లో స్పెయిన్‌లోని బోర్హా అనే ఊళ్లో, చర్చి గోడ మీద క్రీస్తు ముఖం పాడవుతోందని ఒక వృద్ధురాలు భక్తితోనే బాగుచేయబోయింది. ఆ ముఖం ఇక గుర్తుపట్టలేకుండా అయింది. ప్రపంచమంతా నవ్వుకుంది. నాకు అప్పుడూ నవ్వు రాలేదు. మంచి మనసుతో పట్టిన గుడ్డకు రంగు అంటకుండా పోదు.

ఇంతకీ నన్ను ఇప్పటికీ మండిస్తున్నది తుడవడం కాదు. ఆ గుడ్డను చూసి నేను నోరు పెగలక నిలబడితే బావగారు అన్న మాట. "పోనీలేమ్మా, అలాంటిదే ఇంకొకటి కొనుక్కో."

అలాంటిదే ఇంకొకటి!

ఈ మాట నేను ముందే విన్నాను. ఏళ్ల కిందట నా మొదటి చిత్రం కొన్నప్పుడు విన్నాను. చేతితో వేసిన ఆయిల్ పెయింటింగ్ అని రాసి, కింద సంతకం చేసిన కాగితంతో సహా ఇచ్చారు. కుంచె గీతలు చేతికి గరుకుగా తగిలాయి, మురిసిపోయాను. ఆరు నెలల తర్వాత ఒక స్నేహితురాలు భూతద్దం పెట్టి చూపించింది. పడవ అంచు ఒక వైపు పోతుంటే కుంచె గరుకు ఇంకో వైపు పోతోంది. కింద అంతా అచ్చు చుక్కలు. కాన్వాసు మీద అచ్చువేసి, పైన రంగులేని జిగురును కుంచెతో పులిమారు. అడగడానికి వెళితే, "హాల్లో పెడితే ఎవరికి తెలుస్తుందండీ, కావాలంటే అలాంటిదే ఇంకొకటి ఇస్తాం" అన్నారు. నాకు తెలుస్తుంది! రోజూ దాని ఎదురుగా కూర్చునేది నేను.

అచ్చు బొమ్మలంటే నాకు చులకన లేదు. రవివర్మ 1894లో ముద్రణాలయం పెట్టి తన చిత్రాలను ఓలియోగ్రాఫులుగా వేలాది ఇళ్లకు చేర్చాడు. అచ్చును అచ్చుగానే అమ్మాడు. నా గొడవ అబద్ధంతో. 'చేతితో వేసినది' అనే మాట కూడా ఒక్కటే చాలదు. చైనాలో షెన్‌జెన్ దగ్గర దాఫెన్‌లో అదే చిత్రాన్ని చేతితోనే వరసగా పదులకొద్దీ దించుతారు, ఒకరు ఆకాశం, ఒకరు చెట్లు. ఆ చేతుల నైపుణ్యానికి నమస్కారమే, కానీ కొనేవాడికి ఆ సంగతి చెప్పాలి. ఎవరు వేశారు, ఎప్పుడు పూర్తయింది, ఏ గుడ్డ, వార్నిషు పడిందా అని అడగండి. చిత్రాన్ని తిప్పి వెనక చూడండి. వెనక చూడనివ్వని చోట కొనకండి.

ఈ చెరువు చిత్రాన్ని ఆమె పనిగదిలోనే కొన్నాను. నాకంటే ముందు వచ్చిన ఇద్దరు, "గుడ్డా రంగే కదమ్మా, ఇంత ఎందుకు చెబుతున్నారు" అని బేరం పెట్టారు. ఆమె తలదించుకుని కుంచెలు కడుగుతూ ఉంది. వాళ్లు వెళ్లాక నాకు చెప్పింది. పై పొరలో నూనె కింది పొర కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే పైది ముందు ఆరి తర్వాత పగులుతుంది. అందుకని ఒక పొర వేసి వారాలు ఆగాలి, మళ్లీ వేయాలి, మళ్లీ ఆగాలి. ఆ ఆగిన రోజులకు ఎవరు కడతారు వెల? లినెన్ కాన్వాసూ, కలిపే నూనే రెండూ ఒకే అవిసె మొక్క నుంచి వస్తాయని కూడా ఆమే చెప్పింది. ఆ మాట విన్న దగ్గర నుంచి దాన్ని వస్తువు అనాలంటే నాకు నోరు రాదు.

ఎంత జాగ్రత్తగా పెట్టుకున్నాను! ఎండ సూటిగా పడని గోడ వెతికాను. వాన్‌గో 1888లో వేసిన పడకగది చిత్రంలో గోడలు మొదట ఊదారంగువి, అందులోని ఎరుపు వెలిసిపోయి ఇప్పుడు నీలంగా మిగిలాయి. అలాగని చీకటి అల్మారాలో దాచినా అవిసె నూనె పసుపెక్కుతుంది. చెమ్మగోడ వద్దనుకున్నాను, ఏసీ గాలి తగలకుండా చూశాను. తెచ్చేటప్పుడు గాలిబుడగల ప్లాస్టిక్ రంగుకు తగలనివ్వలేదు, ఆ గుండ్రటి అచ్చులు పడతాయని. ఇన్ని చూసుకున్న దాన్ని, కిటికీ తుడిచే సీసాను ఎలా మరిచానో.

మధ్యాహ్నం ఆమెకు ఫోను చేశాను. తిడుతుందనుకున్నాను. "ఏ మూల?" అని మాత్రమే అడిగింది. ఎడమవైపు, పైన అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత, "ఇంక దాన్ని ముట్టుకోకండి, సర్దబోకండి. ఆ గుడ్డ కూడా పారేయకండి, ఏ పొర దాకా వచ్చిందో నేను చూడాలి" అంది. ఆదివారం వస్తానంది.

చిత్రాన్ని దించి, రెండు చెక్క దిమ్మల మీద, వెనక ఏదీ గుచ్చుకోకుండా ఆనించి పెట్టాను. గోడ మీద మేకు మిగిలింది. సీసాను బీరువాలో పెట్టి తాళం వేశాను.