మధ్యలో కాదు, అంచున కొలవాలి

కణితిని వేడితో చంపడానికి కాలేయంలోని కణితిలోకి సూది గుండా కాంతిని మోసే సన్నని గాజు పోగు (ఫైబరు) దించి లేజర్ వెలిగించినప్పుడు డాక్టరుకు ఎన్ని వాట్లు, ఎన్ని సెకన్లు ఇస్తున్నదీ తెలుస్తుంది. లోపలి కణజాలం ఎంత వేడెక్కిందో మాత్రం ఆ అంకెలు చెప్పవు. పొయ్యి మంట చూసి అన్నం ఉడికిందంటామా? మెతుకు పట్టి చూస్తాం. పక్కన పెద్ద రక్తనాళం ఉంటే అది వేడిని లాగేసుకుంటుంది. 43 డిగ్రీల దగ్గర కణాలు చావడానికి చాలాసేపు పడుతుంది, 60 దాటితే దాదాపు వెంటనే చస్తాయి. 100 దాటితే నీరు మరిగి కణజాలం మాడుతుంది, ఆ మసి లేజర్ కాంతిని లోపలికి పోనివ్వదు.

వేడిని కొలిచే మామూలు లోహపు తీగల సెన్సర్ (థర్మోకపుల్) ఇక్కడ అంతగా నమ్మదగింది కాదు. అది లోహం, లేజర్ కాంతిని తానే పీల్చుకుని వేడెక్కి, ఆ వేడిని కణజాలానిదిగా చూపిస్తుంది. వేడిని కొలవడానికి మరో గాజు ఫైబరు వాడితే ఆ బెడద చాలా తక్కువ. పూత తీస్తే దాని మందం 0.125 మిల్లీమీటర్లు. దాని నడిమి గాజులో చెక్కిన బ్రాగ్ గ్రేటింగ్ (అతి సన్నని గీతల వరుస) ఒకే రంగు కాంతిని వెనక్కి పంపుతుంది. వేడి ఒక డిగ్రీ పెరిగితే ఆ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 10 పికోమీటర్లు (పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లో వంతు) జరుగుతుంది. ఒకే పోగు మీద ఇలాంటివి పదుల సంఖ్యలో పెట్టవచ్చు.

చిక్కు ఏమిటంటే, ఫైబరు కాస్త సాగినా తరంగదైర్ఘ్యం అలాగే జరుగుతుంది. రోగి ఊపిరి తీస్తే కాలేయం కదులుతుంది, సెన్సర్ దాన్ని జ్వరంగా చదువుతుంది! కదలిక తగలకుండా లోహపు సూదిలో దాచారా, తప్పించుకున్న లోహం మళ్లీ ఎదురవుతుంది. అందుకే వదులైన గాజు గొట్టం మేలు.

ఎంఆర్ఐ మొత్తం వేడి పటాన్ని చూపగలదు, మెదడు చికిత్సల్లో వాడుతున్నారు కూడా. కానీ ఆ యంత్రాన్ని ప్రతి ఆపరేషన్‌కూ కేటాయించగల ఆసుపత్రులెన్ని? కదిలే కాలేయం దానికీ తలనొప్పే. ఇటలీలోని మిలాన్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో పావొలా సక్కొమాండి బృందం గ్రేటింగ్‌ల కొలతను బట్టి లేజర్‌ను అదుపు చేసే పద్ధతులపై పరిశోధిస్తోంది. నాకు ఈ దారే సరైనదనిపిస్తుంది, ఒక షరతుతో.

సెన్సర్‌ను లేజర్ ఫైబరుకే జతచేయడం సులువు, అదనపు గాటు అక్కర్లేదు. అయితే అక్కడ వేడి ఎటూ ఎక్కువే. తేలాల్సింది కణితి అంచు దాటి మరికొన్ని మిల్లీమీటర్ల దాకా కణాలు చచ్చాయా, పక్కనున్న పిత్తనాళం క్షేమంగా ఉందా అన్నది. దానికి రెండో సూది గుచ్చాలి, రక్తస్రావం ముప్పు కొంత పెరుగుతుంది. ఆ ముప్పు వద్దనుకున్న డాక్టరు, తాను అంచును కొలవలేదన్న మాటను కేసు షీటులో రాయాలి.